న్యూజెర్సీకి మా మొదటి రీఫర్ కంటైనర్: నా అనుభవం

మా ఇల్లు చెన్నైలోని విల్లివాక్కంలో ఉంది. మా యూనిట్ మాత్రం నగరానికి ఉత్తరాన, ఆంధ్ర సరిహద్దుకు కూతవేటు దూరంలో, గుమ్మిడిపూండి పారిశ్రామికవాడలో ఉంది. అక్కడ మునక్కాయ ముక్కలు, గోంగూర, కొబ్బరి తురుము గడ్డకట్టించి, ప్యాకెట్లలో నింపి అమ్ముతాం. మునక్కాయలు ఒట్టన్‌చత్రం మార్కెట్టు నుంచి, కొబ్బరికాయలు పొల్లాచ్చి నుంచి, గోంగూర ఊత్తుకోట్టై చుట్టుపక్కల తెలుగు రైతుల నుంచి వస్తాయి. నాలుగేళ్ల పాటు చెన్నై, బెంగళూరు దుకాణాలకే సరుకు ఇచ్చిన మేము, న్యూజెర్సీలో టోకు కిరాణా వ్యాపారం చేస్తున్న, వరసకు మాకు బాబాయి అయిన ఒకాయన ప్రోత్సాహంతో 2024 మే నెలలో మొదటిసారి ఓడ మీద రీఫర్, అంటే శీతలయంత్రం ఉన్న కంటైనరు, పంపించాము. ఆ కంటైనరులో కొంత సరుకు పాడైంది. ఎక్కడ పాడైందో తెలుసుకోవడానికి నాకు దాదాపు మూడు వారాలు పట్టింది. తెలిశాక రెండు రోజుల పాటు ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను.

కాగితాల సంగతి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే అందరూ భయపడేది వాటి గురించే అయినా, నన్ను ఇబ్బంది పెట్టినవి అవి కావు. ఎగుమతిదారు కోడ్, వ్యవసాయ ఉత్పత్తుల ఎగుమతి సంస్థ అపెడాలో సభ్యత్వం, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, ఎగుమతి సొమ్ము వచ్చే బ్యాంకు ఏడీ కోడ్ నమోదు, జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఎల్‌యూటీ అనే హామీపత్రం, ఇవన్నీ ఓపికగా ఒక్కొక్కటిగా చేసుకుంటే అయిపోయే పనులు. అమెరికాకు ఆహారం పంపేవారు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వద్ద తమ యూనిట్‌ను నమోదు చేసుకోవాలి, అక్కడ ఒక ఏజెంటును చూపించాలి, ఆ నమోదును రెండేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఓడ రేవు చేరడానికి కనీసం ఎనిమిది గంటల ముందు దానికే ప్రయర్ నోటీస్, అంటే ముందస్తు సమాచారం, ఇవ్వాలి. సరుకు ఓడకు ఎక్కడానికి ఇరవై నాలుగు గంటల ముందే దిగుమతిదారు అక్కడి కస్టమ్స్‌కు వివరాలు అందజేయాలి. ఈ చివరి రెండూ బాబాయి చూసుకున్నారు. మా వైపు షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం, పనిని మా సీహెచ్ఏ, అంటే కస్టమ్స్ ఏజెంటు, చూశారు. ఫ్యాక్టరీలోనే మేమే సీల్ వేసుకునే అనుమతి కూడా ఆయనే ఇప్పించారు. 2017 నుంచి అమల్లో ఉన్న ఆ పద్ధతిలో అధికారి వచ్చి నిలబడనక్కరలేదు; రేడియో తరంగాలతో చదవగలిగే ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పు ఉన్న ఎలక్ట్రానిక్ సీల్ నంబరును షిప్పింగ్ బిల్లులో నమోదు చేస్తే చాలు.

సీహెచ్ఏ ఆఫీసులోని కుర్రవాడు బుకింగ్ ఫారం నింపుతూ ఒకచోట ఆగి, ఉష్ణోగ్రత గడిలో అంకెల్లో -18 అని రాసి, దాని పక్కనే అక్షరాల్లో ‘మైనస్ పద్దెనిమిది సెల్సియస్’ అని కూడా రాశాడు. ఎందుకని అడిగితే, ఆ చిన్న గీత ఒక్కటి ఎక్కడో జారిపోతే గడ్డకట్టిన సరుకు ప్లస్ పద్దెనిమిదిలో సముద్రం దాటుతుందని, అమెరికావాళ్లు ఫారన్‌హీట్‌లో మాట్లాడతారు కాబట్టి ఏ కొలతో కూడా చెప్పాలని అన్నాడు. మనం చెప్పే మైనస్ పద్దెనిమిది వారి లెక్కలో సుమారు సున్నా. తాజా గాలి వచ్చే కిటికీ పూర్తిగా మూసి ఉండాలని కూడా అదే ఫారంలో రాయించాడు. అరటిపండ్లు పంపేవారు పదమూడు డిగ్రీల దగ్గర పెట్టి, ఆ కిటికీ కొంత తెరిచి ఉంచాలట. పండు కోసిన తర్వాత కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది కాబట్టి దానికి గాలి మారుతూ ఉండాలి. మా మునక్కాయలు ఊపిరి తీసే దశ దాటిపోయాయి.

ఇక బరువు. నలభై అడుగుల హైక్యూబ్ (ఎత్తు ఎక్కువ ఉన్న) రీఫర్‌లో దాదాపు ఇరవై తొమ్మిది టన్నుల దాకా పడుతుందని విని, అంత సరుకు సిద్ధం చేద్దామని ఉత్సాహపడ్డాను. బాబాయి ఫోనులోనే ఆపారు. అమెరికా జాతీయ రహదారుల మీద లారీ, కంటైనరు, సరుకు అన్నీ కలిపి 80,000 పౌండ్లు, అంటే సుమారు ముప్పై ఆరు టన్నులు దాటకూడదు. రీఫర్‌కు కరెంటిచ్చే జెన్‌సెట్ బరువు కూడా అందులోనే. అందువల్ల పద్దెనిమిది టన్నులు అనుకున్నాము: ఒక్కొక్కటి పదిహేను కిలోల చొప్పున 1,200 అట్టపెట్టెలు.

అది మే మూడో వారం. చెన్నైలో అగ్నినక్షత్రం అనీ, మన పంచాంగంలో కృత్తిక కార్తె అనీ పిలిచే రోజులు. ట్రెయిలర్ పొద్దున ఏడింటికి రావలసింది, పదకొండున్నరకు వచ్చింది. యార్డు నుంచి తనిఖీ పూర్తయిన కంటైనరే వచ్చింది, లోపల శుభ్రంగా ఉంది, వాసన లేదు, తలుపు రబ్బర్లు గట్టిగా ఉన్నాయి. నేను ముందే పట్టుబట్టి చెప్పినందువల్ల డ్రైవరు దారి పొడవునా జెన్‌సెట్ నడిపి, పెట్టె లోపల మైనస్ పద్దెనిమిదికి చల్లబరచి తెచ్చాడు. చల్లటి సరుకును చల్లటి పెట్టెలోనే పెట్టాలి కదా అన్నది నా తర్కం. తలుపులు తెరవగానే తెల్లటి పొగ బయటికి దూకింది. మా ఆడవాళ్లంతా ‘అబ్బా, ఎంత చల్లగా ఉందో’ అని చేతులు చాపారు. నేనూ సంతోషించాను. ఆ పొగ ఏమిటో ఆ రోజు నాకు తెలియదు.

లారీ ఆలస్యమవుతుందని తెలిసినా, అది వచ్చాక సమయం వృథా కాకూడదని, పదకొండు గంటలకే కోల్డ్ రూమ్ నుంచి పెట్టెలు తీయించి డాక్ మీద పేర్పించాను. డాక్ అంటే సరుకు ఎక్కించే అరుగు; మాదానికి పైన రేకు, మూడు వైపులా గాలి. ప్యాలెట్లు, అంటే పెట్టెల కింద వేసే బల్లలు, వాడలేదు. చెక్కవి వాడితే వాటిని శుద్ధి చేసి ముద్ర వేయించాలి, అది అనవసరపు ఖర్చు అనిపించి, పెట్టెలను విడివిడిగా నేల మీదే పేర్చాలని నిర్ణయించాను. ఆరుగురు లోడుమెన్లు ఒక్కొక్క పెట్టెను చేతితో మోసి లోపల పెట్టారు. కంటైనరు లోపల ఎర్రగీత ఒకటి ఉంటుంది, దాని పైకి సరుకు పోకూడదు, పోతే గాలి వెనక్కి తిరిగే దారి మూసుకుపోతుంది. ఆ గీతను మాత్రం జాగ్రత్తగా కాపాడుకున్నాము. ఏడు వరుసల ఎత్తున పేర్చుకుంటూ రాగా, తలుపు వైపు రెండు మీటర్లకు పైగా నేల ఖాళీగా మిగిలింది. పని జరిగినంత సేపూ యంత్రాన్ని ఆపనివ్వలేదు. లోపల చల్లగా ఉండాలని అదొక పట్టుదల. మధ్యలో భోజనాలకు అరగంట ఆగారు. తలుపులు మూసి సీలు వేసేటప్పటికి సాయంత్రం నాలుగు దాటింది.

మూడు లాగర్లు పెట్టాను: ఒకటి యంత్రం వైపు గోడ దగ్గర, ఒకటి మధ్యలో, ఒకటి చివరి వరుసలో. చిన్న పెన్‌డ్రైవ్ లాంటి ఆ పరికరం అరగంటకొకసారి ఉష్ణోగ్రత గుర్తుపెట్టుకుంటుంది. దాని ఖరీదు చూసి మా మరిది ‘కంటైనరు తానే లెక్క రాసుకుంటుంది కదా వదినా, మళ్లీ ఇవెందుకు?’ అన్నాడు. అవి లేకపోయి ఉంటే నేను ఈ రోజుకీ ఇతరులనే నిందిస్తూ ఉండేదాన్ని.

చెన్నై హార్బరు దారి గురించి ఉత్తర చెన్నైలో కాస్త తిరిగిన వారికి చెప్పనక్కరలేదు. ఎన్నూరు, తిరువొత్తియూరు మీదుగా జీరో గేటు దాకా కంటైనరు లారీలు చీమల బారులా నిలబడతాయి. మాకు కాట్టుపల్లి రేవు దగ్గర, కానీ మా ఓడ చెన్నై హార్బరుకు వచ్చేది. మా ట్రెయిలరు ఆ వరుసలో తొమ్మిది గంటలు ఉంది. ఆ రాత్రంతా నేను డ్రైవరుకు గంటకొకసారి ఫోను చేసి జెన్‌సెట్‌లో డీజిల్ ఉందా అని అడుగుతూనే ఉన్నాను. చివరికి అతను ‘అక్కా, మీరు పడుకోండి, ఇది నా పెట్టెలాగే చూసుకుంటాను’ అని తమిళంలో విసుగ్గా, మర్యాదగా అన్నాడు. డీజిల్ అయిపోలేదు. జెన్‌సెట్ ఆగలేదు.

కంటైనరు కొలంబోలో ఓడ మారింది. 2023 చివర ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలైనప్పటి నుంచి చాలా ఓడలు సూయజ్ కాలువ మానేసి ఆఫ్రికా కొసన గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళ్లసాగాయి. మాదీ అదే దారి. మొత్తం నలభై ఏడు రోజులు పట్టింది. జులై రెండో వారంలో బాబాయి ఫోను చేశారు.

“అమ్మాయ్, మునక్కాయలు బాగున్నాయి. గోంగూర బాగుంది. కొబ్బరి మాత్రం సగం ఇటుకలైపోయింది. ప్యాకెట్టు విప్పితే లోపల మంచుపొడి రాలుతోంది. ఇవి నేను అమ్మలేను.”

తలుపు వైపు ఉన్న 212 పెట్టెల కొబ్బరి తురుము అలా ఉంది. ఆ దుస్థితికి కారణం అందరికీ తెలిసిందే: ఒకసారి కరిగిన నీరు మళ్లీ నెమ్మదిగా గడ్డకడితే పెద్ద పెద్ద మంచు పలుకులు తయారవుతాయి, తురుము ముద్దగా అతుక్కుంటుంది. మా బ్లాస్ట్ ఫ్రీజర్‌లో మైనస్ ముప్పై అయిదుకు పైగా చలిలో వేగంగా గడ్డకట్టించడమే అలా జరగకుండా ఉండాలని. అంటే దారిలో ఎక్కడో కరిగింది. ఎక్కడో అంటే నా మనసులో ఒకటే చోటు: కొలంబోలో ఓడ మార్చేటప్పుడు ప్లగ్గు పెట్టడం మరిచి ఉంటారు. అదే రోజు షిప్పింగ్ కంపెనీకి ఒక పెద్ద ఉత్తరం రాశాను. అందులో ‘నిర్లక్ష్యం’ అన్న మాట నాలుగుసార్లు ఉంది.

వారి జవాబు రెండు వారాలకు వచ్చింది, దానితో పాటు కంటైనరు యంత్రం తానే రాసుకున్న లెక్క మొత్తం వచ్చింది. కొలంబోలో కరెంటు లేకుండా ఉన్నది మొత్తం గంటా ఇరవై నిమిషాలు. అంత తక్కువ సేపు మూసిన పెట్టెలోని పద్దెనిమిది టన్నుల మంచుకు ఏమీ కాదు. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్, మీద కూడా వారు రాసినది సెట్ చేసిన ఉష్ణోగ్రతే తప్ప, సరుకు ఎంత చల్లగా ఉందన్న మాట ఎక్కడా లేదు. పేర్చినదీ లెక్కపెట్టినదీ పంపినవారే అన్న షరతు మాత్రం ఉంది. బీమా వైపు వెళ్లాను. మా పాలసీ ప్రకారం శీతలయంత్రం చెడిపోయి కనీసం ఇరవై నాలుగు గంటలు వరుసగా ఆగిపోతేనే పరిహారం. యంత్రం అసలు చెడిపోలేదు. సర్వేయరు ఒక్క పేజీలో ముగించాడు.

ఆ లెక్కల కాగితాలు నాకు అర్థం కాక, సీహెచ్ఏ ద్వారా ఒకాయనను కలిశాను. తడ నుంచి వచ్చి, పాతికేళ్లుగా మనలి వైపు కంటైనరు యార్డుల్లో రీఫర్ మెకానిక్‌గా చేస్తున్న పెద్దాయన. యార్డు బయట టీకొట్టు బల్ల మీద కాగితాలు పరిచి, ముందుగా యంత్రం గీసిన గీతను చూపించారు.

“చూడమ్మా, గడ్డకట్టిన సరుకైతే యంత్రం తిరిగొచ్చే గాలిని చూసి నడుస్తుంది. తలుపులు మూసిన మొదటి గంటలో తిరిగొచ్చిన గాలి ఎంత ఉంది?”

మైనస్ పదకొండు.

“మరి మైనస్ పద్దెనిమిదికి ఎప్పుడొచ్చింది?”

పద్నాలుగు గంటల తర్వాత.

“అంటే మీరు నాకు ఇచ్చిందే వెచ్చటి సరుకు. ఈ పెట్టె చలిని కాపాడుతుందే గాని పుట్టించదమ్మా. మైనస్ ఇరవైలో ఇస్తే మైనస్ ఇరవైలో అప్పగిస్తుంది.”

‘నాకు’ అన్నారాయన, పాతికేళ్లలో తానే ఒక కంటైనరు అయిపోయినట్టు. అప్పుడు నేను బ్యాగులోంచి మా లాగర్ల గీతలు తీశాను. గోడ దగ్గరిది మైనస్ పంతొమ్మిదిలో దాదాపు కదలలేదు. చివరి వరుసలోది ప్యాకింగ్ రోజున మైనస్ ఇరవైలో ఉంది. స్టఫింగ్, అంటే కంటైనరు నింపిన, రోజు పదకొండు గంటల నుంచి పైకి ఎక్కడం మొదలుపెట్టి, సాయంత్రం నాలుగుకు మైనస్ ఆరు చూపించింది. అక్కడి నుంచి మళ్లీ మైనస్ పదిహేను దిగువకు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తర్వాత ముప్పై ఎనిమిది రోజుల సముద్రప్రయాణంలో గీత నేలమీది దారంలా ఉంది.

నలభై ఏడు రోజుల ప్రయాణంలో సరుకు కరిగింది మా డాక్ మీద, నా కళ్ల ముందు, నేను పర్యవేక్షిస్తుండగా. ముందు బయటికి తీసి పేర్చిన పెట్టెల్లో ఆఖరున లోపలికి వెళ్లినవి అయిదు గంటలు ఎండ వేడిలో ఉన్నాయి; ఆఖరున వెళ్లినవే తలుపు దగ్గర ఉంటాయి; తలుపు దగ్గరివే పాడయ్యాయి. ఇంత సులువైన లెక్క నాకు మూడు వారాలు తట్టలేదు.

పెద్దాయన అక్కడితో ఆగలేదు. తలుపులు తెరవగానే వచ్చిన పొగ సంగతి నేను చెప్పగా తల పట్టుకున్నారు. చల్లబరచిన పెట్టెను సముద్రపు ఊళ్లో, ఆ ఉక్కలో తెరిస్తే బయటి తేమగాలి లోపలికి దూరి, యంత్రంలోని చల్లటి గొట్టాల మీద మంచుగా పేరుకుంటుంది. అలా తెరిచి ఉండగా యంత్రాన్ని నడిపితే ఫ్యాను ఆ తేమను ఇంకా లోపలికి లాగుతుంది. ఆ మంచు కరిగించుకోవడానికి యంత్రం మాటిమాటికీ ఆగుతుంది. డాక్‌కూ కంటైనరుకూ మధ్య గాలి చొరబడని సొరంగం ఉన్నవారికే ముందు చల్లబరచడం పనికొస్తుందని, మాలాంటి వారు మామూలు వేడిలో ఉన్న పెట్టెను, యంత్రం ఆపి, త్వరగా నింపి, తలుపులు మూసిన తర్వాతే నడపాలని చెప్పారు. ఇది నేను నమ్మడానికి కొంత సమయం పట్టింది. వేడి పెట్టెలో మంచుసరుకు పెట్టడమంటే మనసు ఒప్పుకోదు. కానీ ఖాళీ పెట్టె గోడల్లో ఉండే వేడి ఎంత, అయిదు గంటల పాటు డాక్ మీది గాలి ఇచ్చే వేడి ఎంత?

ఖాళీగా వదిలేసిన నేల మరో తప్పు. చల్లటి గాలి యంత్రం కింది నుంచి బయలుదేరి, నేలలోని కమ్మీల సందుల్లోంచి తలుపు దాకా వచ్చి, పెట్టెల చుట్టూ పైకి లేచి, పైనుంచి వెనక్కి వెళ్లాలి. మేము వదిలిన రెండు మీటర్ల ఖాళీలో అది సులువైన దారి చూసుకుని, సరుకు మధ్యకు చొరబడకుండానే పైకి లేచిపోయింది. నేల అంతా కప్పేలా తక్కువ ఎత్తున పేర్చాలి, ఏ కొంచెం ఖాళీ మిగిలినా దాన్ని మందపాటి అట్టతో కప్పాలి.

ఇంటికి వచ్చి షిప్పింగ్ కంపెనీకి రెండో ఉత్తరం రాశాను. మొదటి దానిలో పదో వంతు కూడా లేదు. బాబాయికి 212 పెట్టెల సొమ్ము తగ్గించి బిల్లు మార్చాము.

ఆగస్టు రెండో వారంలో రెండో కంటైనరు. అప్పటికి కోల్డ్ రూమ్ తలుపు నుంచి డాక్ అంచు దాకా ఇనుప గొట్టాల చట్రం వేసి, మందపాటి తార్పాలిన్, లోపల థర్మోకోల్ పలకలు బిగించి, రెండు కొసల్లో ప్లాస్టిక్ తెరలు వేలాడదీశాము. చూడటానికి పెళ్లి పందిరిలా ఉందని పనివాళ్లు నవ్వారు. ముద్ర ఉన్న ప్యాలెట్లు ఇరవై కొన్నాము. ఒక్కొక్క దాని మీద ఆరు వరుసల్లో అరవై పెట్టెలు, మొత్తం అదే 1,200; పైగా ఇరవై ప్యాలెట్లతో నేల దాదాపు నిండింది. ప్యాలెట్లు దండగ ఖర్చన్న నా మొదటి లెక్కకు నేనే నవ్వుకున్నాను. ముందు రాత్రే కోల్డ్ రూమ్‌లో అన్నీ కట్టి ఉంచి, లారీ వెనక్కి వచ్చి ఆగి, యంత్రం ఆపిన తర్వాతే మొదటి ప్యాలెట్టును కదిలించాము. ప్రతి ప్యాలెట్టులో రెండు ప్యాకెట్ల మధ్య థర్మామీటరు సూది దూర్చి చూశాను. మైనస్ పంతొమ్మిది కన్నా పైన ఒక్కటి ఉన్నా వెనక్కి పంపమన్నాను. అలా ఒకటి వెనక్కి వెళ్లింది. ఫ్రీజరు తలుపు దగ్గరి ప్యాలెట్టు అది. దాని బదులు వేరొకటి వచ్చింది. మొత్తం యాభై నిమిషాల్లో తలుపులు మూశాము.

ఈ సారి ఓడ ఆలస్యం కాకుండానే వెళ్లింది గాని, సెప్టెంబరు నెలాఖరుకు అమెరికా తూర్పు తీరం చేరేసరికి అక్టోబరు 1న అక్కడి రేవు కార్మికుల సమ్మె మొదలైంది. మూడు రోజుల పాటు ఆ తీరంలోని కంటైనరు రేవులు స్తంభించాయి, మా ఓడ బయట లంగరు వేసి నిలబడింది. మొదటిసారి అయితే నేను నిద్రపోయేదాన్ని కాదు. సమ్మె ఆగి, వరుస కదిలి, మా పెట్టె బాబాయి గిడ్డంగికి చేరింది అక్టోబరు రెండో వారంలో. ఆయన ముందుగా కొబ్బరి తురుము ప్యాకెట్టు ఒకటి చేతిలోకి తీసుకుని ఫోను దగ్గర పెట్టి ఆడించారు. గలగలమన్న శబ్దం నాకు వినపడింది. తర్వాత చివరి ప్యాలెట్టులోని లాగరు గీత పంపించారు. స్టఫింగ్ రోజు మైనస్ పదిహేడు దాకా ఒక చిన్న ముల్లులా పైకి లేచి, మర్నాటికి మైనస్ పంతొమ్మిదికి దిగి, సమ్మె జరిగిన మూడు రోజులు ఎక్కడున్నాయో గుర్తుపట్టడానికి వీల్లేనంత తిన్నగా చివరి దాకా సాగింది.